మేనరికపు పెళ్ళిళ్ళు – బఠాణీ గింజ చెప్పే లెక్క

సంబంధం కుదుర్చుకొనే వేళ మన ఇండ్లలో జాతకాలు చూస్తారు. గోత్రం అడుగుతారు. అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు మంచిచెడ్డలు విచారిస్తారు. వరుస కలిసే మేనబావ ఉంటే ఆ విచారణ కూడా అక్కరలేదంటారు. ‘తెలిసిన ఇల్లు, తెలిసిన మనుషులు, ఆస్తి బయటకు పోదు, పిల్ల కళ్ళ ఎదుటే ఉంటుంది’ అని పెద్దలు తృప్తి పడతారు. ఈ మాటలలో నిజం లేకపోలేదు. అయితే ఇన్ని విచారించే మనం ఒక్కటి మాత్రం విచారించం. ఆ వధూవరుల రక్తంలో పైకి కనబడకుండా దాగియున్నదేమిటి? ఇద్దరిలోనూ దాగియున్నది ఒక్కటే అయితే పుట్టబోయే బిడ్డకు కలిగేదేమిటి?

ఈ ప్రశ్నకు సమాధానం చెప్పే శాస్త్రం అనువంశిక శాస్త్రం. దానికి పునాది వేసినవాడు వైద్యుడు కాదు, ఒక మఠంలోని సన్యాసి. ఆయన చెప్పినది కూడా వైద్యం కాదు, ఒక లెక్క. ఆ లెక్క ఏడవ తరగతి విద్యార్థికి కూడా అర్థమయ్యేటంత తేలిక. అయినా దానిని తప్పుగా అర్థం చేసుకొని రెండవ బిడ్డ విషయంలో కూడా కష్టాల పాలయిన కుటుంబాలు మన మధ్య ఉన్నవి. అందుచేత ఈ వ్యాసంలో ఆ లెక్కను గృహస్థులకు ఉపయోగపడే రీతిలో వివరిస్తున్నాము.

తార్నాక పరిసరాలలో ఒక శాస్త్రం

భాగ్యనగరంలో గోల్నాక, అంబర్‌పేట వైపు నుండి ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణ దాటితే తార్నాక వస్తుంది. దాని ప్రక్కనే హబ్సిగూడ. ఈ నాలుగడుగుల నేలలో ఆరోగ్యానికి సంబంధించిన గొప్ప సంస్థలున్నవి. 1918లో కూనూరులో మెక్‌కారిసన్ ప్రారంభించిన పరిశోధనశాల 1958లో ఇక్కడికి తరలివచ్చి జాతీయ పోషకాహార సంస్థ అయినది. హబ్సిగూడలో పుష్పమిత్ర భార్గవ తీర్చిదిద్దిన కణ, అణు జీవశాస్త్ర కేంద్రం ఉన్నది. జనం నోట ఇది ‘సి.సి.ఎం.బి.’. 1918లోనే స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం తన జన్యుశాస్త్ర సంస్థను, జన్యువ్యాధుల ఆసుపత్రిని బేగంపేటలో నెలకొల్పినది.

మేనరికాలపై శాస్త్రీయ పరిశీలన మన నేలకు కొత్తది కాదు. బ్రిటన్ నుండి 1957లో భారతదేశానికి వచ్చి స్థిరపడిన ప్రఖ్యాత జన్యుశాస్త్రవేత్త హాల్డేన్‌కు పిఠాపురంలో జన్మించిన ద్రోణంరాజు కృష్ణారావు శిష్యుడు. ఆయన పి. మీరాఖాన్‌తో కలిసి 1960లోనే ఆంధ్రప్రదేశ్‌లోని రక్తసంబంధ వివాహాల గురించి పరిశోధన పత్రం ప్రకటించారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేను చూచినా ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు నాలుగు పెళ్ళిళ్ళలో ఒకటి రక్తసంబంధీకుల మధ్య జరిగినదే. కనుక ఇది ఎవరికో సంబంధించిన విషయం కాదు. మన ఇంటి విషయమే.

బఠాణీ గింజలో ఏమున్నది?

గ్రెగర్ మెండెల్ 1822లో జన్మించాడు. బ్రూన్ నగరపు మఠంలోని తోటలో సుమారు ఎనిమిదేళ్ళు బఠాణీ మొక్కలు పెంచి, తాను కనుగొన్నదానిని 1865లో రెండు ఉపన్యాసాలుగా చదివి, 1866లో అచ్చు వేయించాడు. ఆయన 1884లో మరణించేనాటికి ఎవరూ దానిని పట్టించుకోలేదు. 1900లో ముగ్గురు శాస్త్రజ్ఞులు వేర్వేరుగా అదే సత్యాన్ని కనుగొన్న తరువాతనే లోకం ఆయనను గుర్తించినది.

ఆయన చేసినది ఇది. గుండ్రని గింజలు కాచే వంశాన్ని, ముడుతలు పడిన గింజలు కాచే వంశాన్ని సంకరం చేశాడు. పుట్టిన గింజలన్నీ గుండ్రనివే. ముడుత మాయమైనది. ఆ గింజలను నాటి, వాటంతట వాటిని ఫలింపనిచ్చి, పంటను లెక్కించాడు. మొత్తం 7,324 గింజలలో 5,474 గుండ్రనివి, 1,850 ముడుతలు పడినవి. మాయమైన ముడుత తిరిగి వచ్చినది! అదీ ఒక నియమం ప్రకారం, మూడు గుండ్రని గింజలకు ఒక ముడుత గింజ చొప్పున వచ్చినది.

దీని నుండి ఆయన గ్రహించిన సత్యం ఇది. ప్రతి లక్షణానికి ప్రతి జీవిలోనూ రెండు ప్రతులుంటాయి. ఒకటి తల్లి ఇచ్చినది, మరొకటి తండ్రి ఇచ్చినది. సంతానానికి ఇచ్చేటప్పుడు ఆ రెండింటిలో ఒక్కటే వెళుతుంది. ఏది వెళ్ళాలన్నది ఎవరి చేతిలోనూ లేదు. ఈ ప్రతులనే నేడు జన్యువులంటున్నాం. రెండు ప్రతులు వేర్వేరుగా ఉన్నప్పుడు పైకి కనిపించేదానిని బహిర్గత లక్షణమనీ, దాగియుండేదానిని అంతర్గత లక్షణమనీ అంటారు.

దాగడమంటే ఏమిటి? దీనికి సమాధానం మెండెల్‌కు తెలియదు. 1990లో తెలిసినది. బఠాణీలో చక్కెరను పిండిపదార్థంగా మార్చడానికి ఒక ఎంజైము అవసరం. ఆ ఎంజైమును తయారుచేసే జన్యువు చెడిపోతే పిండి సరిగా తయారు కాదు. గింజలో చక్కెర, నీరు ఎక్కువవుతాయి. ఎండినప్పుడు ఆ నీరు పోయి గింజ ముడుచుకుంటుంది. అయితే రెండు ప్రతులలో ఒకటి బాగున్నా చాలు, అవసరమైన పని జరిగిపోతుంది. గింజ గుండ్రంగానే ఉంటుంది. ఇంట్లో ఇద్దరు సంపాదనపరులుంటే ఒకరు పని మానినా ఇల్లు గడిచినట్లన్నమాట. ఇద్దరూ మానిన ఇంట్లోనే పొయ్యి వెలగదు.

మనుషులలో అనేక జన్యువ్యాధులు ఈ తీరుననే వస్తాయి. ఒక ప్రతి చెడినవారు ఆరోగ్యంగానే ఉంటారు. వారిని వాహకులంటారు. రెండు ప్రతులూ చెడినవారే రోగగ్రస్తులు.

బొమ్మా – బొరుసూ

ఇప్పుడు భార్యాభర్తలిద్దరూ ఒకే జబ్బుకు వాహకులనుకొందాం. తల్లి చెడిన ప్రతిని ఇచ్చే అవకాశం సగం. తండ్రి ఇచ్చే అవకాశం సగం. రెండూ ఒకేసారి జరగాలంటే సగంలో సగం, అనగా నాలుగింట ఒకటి. రెండు రూపాయి బిళ్ళలు ఎగురవేసి రెండూ బొరుసే పడటం వంటిది ఇది. నాలుగింట రెండు వంతులు బిడ్డ తల్లిదండ్రుల వలెనే వాహకుడవుతాడు. మిగిలిన నాలుగింట ఒక వంతు బిడ్డకు చెడిన ప్రతి రానే రాదు.

ఇక్కడనే చాలామంది పొరపడతారు. ‘నలుగురిలో ఒకరికి వస్తుందన్నారు. మొదటి బిడ్డకు వచ్చింది కదా, ఇక ముగ్గురికి భయం లేదు’ అనుకొంటారు. ఇది పూర్తిగా తప్పు. రూపాయి బిళ్ళకు జ్ఞాపకశక్తి లేదు. క్రిందటిసారి తాను ఎటు పడ్డదీ దానికి తెలియదు. అట్లే ప్రతి గర్భానికీ లెక్క మొదటి నుండి మొదలవుతుంది. మొదటి బిడ్డకు జబ్బు ఉన్నా లేకున్నా రెండవ బిడ్డకు ప్రమాదం నాలుగింట ఒకటే. మూడవ బిడ్డకూ అంతే.

మరికొందరు ‘నాలుగింట ఒకటే కదా, మూడు వంతులు మంచే’ అని ధైర్యపడతారు. ఒక కాన్పుకు ఆ మాట సరే. ఇద్దరు బిడ్డలూ ఆరోగ్యంగా పుట్టే అవకాశం మూడు వంతులలో మూడు వంతులు, అంటే పదహారింట తొమ్మిది మాత్రమే. ఇద్దరిలో కనీసం ఒకరికి జబ్బు వచ్చే అవకాశం నూటికి సుమారు 44. ముగ్గురు బిడ్డలుంటే అది నూటికి 58కి చేరుతుంది.

మెండెల్ మొక్కలలో కూడా ఈ తేడా కనిపించినది. మొత్తం పంటలో మూడుకు ఒకటి చొప్పున ఉన్నా ఒక మొక్కకు 43 గుండ్రని గింజలు, 2 మాత్రమే ముడుత గింజలు కాచినవి. మరొక మొక్కకు 14 గుండ్రనివి, 15 ముడుతవి కాచినవి. వేల గింజలలో కనిపించే నిష్పత్తి ఒక్క మొక్కలో కనిపించనక్కరలేదు. మన కుటుంబాలలో బిడ్డలు ఇద్దరో ముగ్గురో మాత్రమే కదా! కనుక వాహక దంపతులకు బిడ్డలందరూ ఆరోగ్యంగా పుట్టవచ్చు, వరుసగా ఇద్దరు రోగగ్రస్తులూ పుట్టవచ్చు. ‘మా వంశంలో ఎవరికీ లేదు’ అన్న మాటకు అందుకే విలువ తక్కువ. వాహకత్వం తరతరాలుగా చడీచప్పుడు లేకుండా సాగుతుంది.

రక్తహీనతలన్నీ ఒకటి కావు

ఈ లెక్కకు మన దేశంలో ముఖ్య ఉదాహరణ తలసీమియా. రక్తంలో ప్రాణవాయువును మోసే హీమోగ్లోబిన్ తయారీలో లోపమిది. మన దేశంలో వందకు ముగ్గురు నలుగురు దీనికి వాహకులని అంచనా. వాహకులకు చికిత్స అవసరం లేదు. కాని రెండు ప్రతులూ చెడిన బిడ్డ పుట్టినప్పుడు బాగానే ఉండి, ఆరు నెలల నుండి రెండేళ్ళ లోపు పాలిపోతుంది. ఎదుగుదల ఆగుతుంది. ప్లీహం పెరిగి పొట్ట ఉబ్బుతుంది. అటు తరువాత రెండు మూడు వారాలకొకసారి రక్తం ఎక్కించడం జీవితాంతం తప్పదు. ఎక్కించిన రక్తంలోని ఇనుము గుండెలో, కాలేయంలో పేరుకొంటుంది. దానిని తొలగించేందుకు ప్రతిదినం మందు వాడాలి.

ఎముక మజ్జ మార్పిడితో పూర్తిగా నయం చేయవచ్చు. దానికి సరిపోయే దాత తోబుట్టువైతే మేలు. ఇక్కడ కూడా మెండెల్ లెక్కే. తోడబుట్టిన బిడ్డ మజ్జ సరిపోయే అవకాశం నాలుగింట ఒకటి. ఆ బిడ్డకు జబ్బు లేకుండా ఉండే అవకాశం నాలుగింట మూడు. ఈ రెండు లక్షణాల జన్యువులు వేర్వేరు క్రోమోజోములపై ఉన్నవి గనుక ఒకదానితో ఒకటి నిమిత్తం లేకుండా సంక్రమిస్తాయి. రెండూ కలిసివచ్చే అవకాశం పదహారింట మూడు మాత్రమే. తమ్ముడో చెల్లెలో పుడితే పెద్దవాడికి నయమవుతుందని ఆశపడే తల్లిదండ్రులు ఈ సంఖ్యను ముందుగా తెలుసుకొనడం మంచిది.

గిరిజన ప్రాంతాలలో ఎక్కువగా కనిపించే కొడవలి కణ రక్తహీనత కూడా ఇదే తీరున సంక్రమిస్తుంది. దీని నిర్మూలనకై కేంద్ర ప్రభుత్వం 2023 జులై 1న ఒక జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించినది. తల్లి నుండి తలసీమియా ప్రతి, తండ్రి నుండి కొడవలి కణ ప్రతి వచ్చినా బిడ్డకు జబ్బు వస్తుందని గుర్తుంచుకోవాలి.

మేనరికం లెక్క ఎట్లా మారుస్తుంది?

మేనరికం జబ్బును సృష్టించదు. దాగియున్నదానిని ఒకచోట కలుపుతుంది. అదెట్లాగో చూద్దాం.

మేనబావ, మేనమరదలు ఒకే తాత, అవ్వల మనుమలు. వారి జన్యువులలో సగటున ఎనిమిదింట ఒక వంతు ఉమ్మడి. మేనమామ, మేనకోడలు అయితే నాలుగింట ఒక వంతు. నూరుమందిలో ఒకరు వాహకులుగా ఉండే ఒక అరుదైన జబ్బును తీసుకొందాం. బంధుత్వం లేని దంపతులలో ఇద్దరూ వాహకులై బిడ్డకు జబ్బు రావాలంటే నూరింట ఒకటి, మళ్ళీ నూరింట ఒకటి, దానిలో నాలుగింట ఒకటి. అంటే 40,000లో ఒకటి. మేనబావ, మేనమరదలు పెళ్ళి చేసుకొంటే ఒకరు వాహకులైనప్పుడు రెండవవారు వాహకులయ్యే అవకాశం నూరింట ఒకటి కాదు, ఎనిమిదింట ఒకటి కంటె కొంచెం ఎక్కువే. అప్పుడు బిడ్డకు ప్రమాదం సుమారు 3,000లో ఒకటి. మేనమామ పెళ్ళిలో సుమారు 1,500లో ఒకటి. జబ్బు ఎంత అరుదైనదైతే మేనరికం దానిని అన్ని రెట్లు పెంచుతుంది.

ఒక ఇంట్లో ఇప్పటికే జబ్బున్న బిడ్డ ఉంటే లెక్క మరింత తీవ్రం. ఆ బిడ్డకు ఆరోగ్యవంతురాలైన అక్క ఉన్నదనుకోండి. ఆమె వాహకురాలయ్యే అవకాశం ఎంత? సగమని తోస్తుంది. కాదు. ఆమెకు జబ్బు లేదని తెలుసు గనుక నాలుగు భాగాలలో ఒకటి పోయినది. మిగిలిన మూడింటిలో రెండు వాహకత్వమే. అంటే మూడింట రెండు. ఆ అమ్మాయికి తలసీమియా పరీక్షలు ఏవీ చేయించకుండా పెళ్ళి నిశ్చయిస్తే బిడ్డకు ప్రమాదం ఇట్లా ఉంటుంది.

బంధుత్వం లేని వరుడైతే అతడు వాహకుడయ్యే అవకాశం సుమారు ఇరవైయైదింట ఒకటి. ప్రమాదం 150లో ఒకటి.

మేనమామ కొడుకైతే అమ్మాయి తల్లి తప్పక వాహకురాలు గనుక మామ వాహకుడయ్యే అవకాశం సగం, అతని కొడుకు అయ్యే అవకాశం నాలుగింట ఒకటి. ప్రమాదం 24లో ఒకటి.

స్వయంగా మేనమామే అయితే అతడు వాహకుడయ్యే అవకాశం సగం. ప్రమాదం 12లో ఒకటి.

ఒకే అమ్మాయి, ఒకే ముహూర్తం. వరుడు మారితే ప్రమాదం పన్నెండు రెట్లకు పైగా మారినది.

మరొక ప్రక్క కూడా చెప్పడం న్యాయం. ఎవరికైనా పుట్టే బిడ్డలలో నూటికి ఇద్దరు ముగ్గురికి ఏదో ఒక పుట్టు లోపం ఉండే అవకాశం ఉన్నది. మేనబావ వివాహాలలో ఆ పైన మరొక రెండు మూడు శాతం చేరుతుంది. అంటే మేనరికపు దంపతులలో అత్యధికులకు ఆరోగ్యవంతులైన బిడ్డలే పుడతారు. కనుక ఇప్పటికే మేనరికం చేసుకొన్నవారు భయపడి కుమిలిపోనక్కరలేదు. తెలుసుకొని జాగ్రత్తపడితే చాలు.

గోత్రం కాపాడలేదా?

‘సగోత్రం కాదు కదా’ అని కొందరు వాదిస్తారు. బంధువులలో వివాహం కూడదన్న ఆలోచన మన ప్రాచీనులలో ఉన్నది. చరక సంహిత శారీరస్థానంలో రెండవ అధ్యాయం పేరే ‘అతుల్యగోత్రీయం’. సమాన గోత్రం కాని స్త్రీపురుషుల సంతానోత్పత్తిని గురించి అది చెబుతుంది. సుశ్రుతుడు వ్యాధులను విభజించినప్పుడు తల్లిదండ్రుల బీజదోషం వల్ల కలిగేవాటిని ‘ఆదిబల ప్రవృత్తాలు’ అని వేరుచేసి, అందులో మాతృజాలు, పితృజాలు అని రెండు విధాలు చెప్పాడు. బీజంలోని ఏ భాగం చెడితే దానికి సంబంధించిన అవయవమే చెడుతుందన్న భావన చరకంలో కలదు. వారికి జన్యువులు తెలుసునని గొప్పలు పోనక్కరలేదు. దోషం తల్లి వైపు నుండీ, తండ్రి వైపు నుండీ రాగలదని వారు గమనించిన మాట మాత్రం నిజం.

అయితే గోత్రం తండ్రి వరుసలోనే నడుస్తుంది. మేనమామది వేరే గోత్రం. మేనత్త పెళ్ళితో వేరే గోత్రానికి వెళుతుంది. అందుచేత గోత్రం లెక్కన మేనరికం దూరపు సంబంధమే, జన్యువుల లెక్కన చాలా దగ్గరది. మేనమామ కూతురినీ, మేనత్త కూతురినీ పెండ్లాడటం దాక్షిణాత్యుల ఆచారమని బౌధాయన ధర్మసూత్రమే ప్రత్యేకంగా పేర్కొన్నది. జన్యువు తండ్రి నుండి సగం, తల్లి నుండి సగం వస్తుంది. గోత్రం ఆ రెండింటిలో ఒక దారినే కావలి కాస్తుంది.

మేనరికం లేకపోయినా ఒకే సమూహంలో వందల ఏళ్ళుగా పెళ్ళిళ్ళు జరిగితే కూడా ఇదే ఫలితం కొంతవరకు కలుగుతుంది. సి.సి.ఎం.బి.కి చెందిన కుమారస్వామి తంగరాజ్, అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ రైక్ బృందం 2017లో ప్రకటించిన పరిశోధనలో దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాలకు చెందిన 2,800 మందికి పైగా వ్యక్తుల జన్యువులను పరిశీలించారు. వాటిలో 81 సమూహాలు కొద్దిమంది పూర్వీకుల నుండే బలంగా విస్తరించినవని తేలినది. వైశ్య సమాజంలో కనిపించే ఒక ఎంజైము లోపాన్ని వారు ఉదాహరణగా చూపారు. ఆ లోపమున్నవారు నిత్యజీవితంలో ఆరోగ్యంగానే ఉంటారు. శస్త్రచికిత్స వేళ కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్ కోలిన్ అనే మందు మామూలుగా కొద్ది నిమిషాలే పనిచేస్తుంది. వీరిలో గంటల తరబడి పనిచేసి ఊపిరి తిరిగి అందుకోవడం ఆలస్యమవుతుంది. ఆ సమయమంతా యంత్రం సాయంతో శ్వాస ఇవ్వాలి. ముందే తెలిస్తే మత్తుమందు డాక్టరు వేరే మందు వాడతాడు, ప్రమాదమే లేదు. ఇది ఏ కులానికీ కళంకం కాదు. ప్రతి సమూహానికీ తనదైన దాగుడు జన్యువు ఏదో ఒకటి ఉంటుంది. కుటుంబంలో ఎవరికైనా ఆపరేషన్ తరువాత తెలివి, ఊపిరి ఆలస్యంగా వచ్చియుంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి.

మేనమామ పోలిక, ఆడపిల్ల పుట్టుక

‘మేనమామ పోలిక’ అన్న మాటకు కొన్ని జబ్బులలో శాస్త్రాధారం ఉన్నది. రక్తం గడ్డకట్టని హీమోఫిలియా, ఎరుపు–ఆకుపచ్చ రంగులను గుర్తించలేని వర్ణాంధత్వం ఎక్స్ క్రోమోజోము ద్వారా వస్తాయి. స్త్రీకి ఎక్స్‌లు రెండు గనుక ఒకటి చెడినా రెండవది ఆదుకొంటుంది. పురుషునికి ఉన్నది ఒక్కటే, అదీ తల్లి ఇచ్చినదే. అందుచేత వాహకురాలైన తల్లికి పుట్టే మగబిడ్డలలో ప్రతి ఒక్కరికీ జబ్బు వచ్చే అవకాశం సగం. మేనమామకు చిన్న దెబ్బకే రక్తం ఆగకుండా కారిన చరిత్ర ఉంటే మేనల్లుని విషయంలో జాగ్రత్త అవసరం. ఇక్కడ తల్లిని నిందించడం అన్యాయం. తనకు తెలియకుండా తనలో ఉన్నదానిని ఆమె ఎంచి ఇవ్వలేదు.

ఆడపిల్లలు పుట్టారని కోడలిని దూషించే ఇండ్లు కూడా ఈ లెక్క తెలుసుకోవాలి. తల్లి ఎప్పుడూ ఎక్స్‌నే ఇస్తుంది. తండ్రి ఎక్స్ ఇస్తే ఆడపిల్ల, వై ఇస్తే మగపిల్లవాడు. అదీ బొమ్మాబొరుసే. ముగ్గురు ఆడపిల్లల తరువాత ‘ఈసారి తప్పక మగవాడే’ అనడానికి ఏ ఆధారమూ లేదు.

గృహవైద్యం ఎక్కడ, ఎంతవరకు?

మన పాఠకులు రక్తహీనతకు మునగాకు, తోటకూర, నువ్వులు, బెల్లం, ఖర్జూరం వాడుతారు. ఆహారంలో ఇనుము తగ్గినందువల్ల వచ్చిన రక్తహీనతకు ఇవి మేలైన ఆహారాలే. ఆయుర్వేద వైద్యులు అట్టివారికి మండూరం, లోహ భస్మం కలిసిన యోగాలు ఇస్తారు. కాని తలసీమియా రక్తహీనత ఇనుము లేక వచ్చినది కాదు. రక్తం ఎక్కించుకొనే బిడ్డ శరీరంలో ఇనుము ఇప్పటికే మితిమీరి ఉంటుంది. అట్టి బిడ్డకు బలానికని లోహ భస్మాలు, ఇనుము టానిక్కులు ఇవ్వడం హాని. వాహకులలో కూడా హీమోగ్లోబిన్ కొంచెం తక్కువగా ఉండి, ఎన్ని టానిక్కులు తాగినా పెరగదు. అట్టివారు నెలల తరబడి ఇనుము మింగేముందు రక్తంలో ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ పరీక్ష చేయించుకోవాలి.

చెడిన జన్యువును సరిచేసే పథ్యం గాని, కషాయం గాని లేదు. ఉన్నదని చెప్పేవారిని నమ్మవద్దు. అయితే వంశంలో మధుమేహం, రక్తపోటు ఉన్నవారు నిరాశపడనక్కరలేదు. అవి ఒక్క జన్యువు వల్ల వచ్చేవి కావు. అనేక జన్యువులు, ఆహారం, వ్యాయామం, నిద్ర కలిసి వాటిని నిర్ణయిస్తాయి. అక్కడ మిత భోజనం, నడక, దినచర్య నిజంగా పనిచేస్తాయి. నాలుగింట ఒకటి అన్న లెక్క వాటికి వర్తించదు.

చేయవలసినవి

1. పెళ్ళికి ముందు, లేదా కనీసం గర్భధారణకు ముందు, వధూవరులలో ఒకరైనా తలసీమియా, కొడవలి కణ వాహకత్వ పరీక్ష చేయించుకోవాలి. సాధారణ రక్తపరీక్షలో ఎర్రకణాల పరిమాణం చిన్నదిగా ఉంటే హీమోగ్లోబిన్ రకాలను విడదీసే పరీక్ష చేస్తారు. అందులో హీమోగ్లోబిన్ ఎ2 మూడున్నర శాతం మించితే సాధారణంగా బీటా తలసీమియా వాహకత్వంగా భావిస్తారు. ఇనుము బాగా తక్కువైనప్పుడు ఈ సంఖ్య తగ్గి కనిపించవచ్చు గనుక ఫలితాన్ని డాక్టరుచేతనే చదివించుకోవాలి.

2. ఒకరు వాహకులని తేలితే రెండవవారికి తప్పక పరీక్ష చేయించాలి. ఇద్దరిలో ఒకరే వాహకులైతే బిడ్డకు తీవ్ర వ్యాధి భయం ఉండదు.

3. ఇద్దరూ వాహకులైతే జన్యు సలహా తీసుకోవాలి. గర్భం దాల్చిన తరువాత సుమారు 11 నుండి 13 వారాల మధ్య మావి నుండి, లేదా 15 వారాల తరువాత ఉమ్మనీటి నుండి నమూనా తీసి బిడ్డ స్థితిని తెలుసుకోవచ్చు. 1994 నాటి చట్టం లింగనిర్ధారణను నిషేధించినది గాని, రిజిస్టరైన కేంద్రాలలో జన్యువ్యాధుల నిర్ధారణను అనుమతిస్తున్నది.

4. జబ్బున్న బిడ్డ ఇంట్లో ఉంటే ఆ బిడ్డ తోబుట్టువులకు, తల్లిదండ్రుల తోబుట్టువులకు కూడా పరీక్ష చేయించాలి. దాచిపెడితే దాగేది జబ్బు కాదు, ప్రమాదం మాత్రమే పెరుగుతుంది.

5. ఇంట్లో వంశవృక్షం ఒకటి వ్రాసిపెట్టుకోవాలి. చిన్నతనంలో పోయిన బిడ్డలు, తరచుగా రక్తం ఎక్కించుకొన్నవారు, ఆపరేషన్‌లో ఇబ్బంది పడినవారు, పుట్టుచెవుడు గలవారు, ఎవరెవరికి ఏ వరుసలో పెళ్ళి అయినదీ అందులో చేర్చాలి. పెద్దవారు జ్ఞాపకంతో ఉండగానే ఈ పని చేయడం మంచిది.

హైదరాబాదులో 1998లో ఏర్పడిన తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ రోగులకు రక్తం, చికిత్స అందించే కృషి చేస్తున్నది. విదేశాల అనుభవం కూడా గమనించదగినది. సైప్రస్ ద్వీపంలో ఏడుగురిలో ఒకరు తలసీమియా వాహకులు. అక్కడ పెళ్ళికి ముందు పరీక్షను ఆచారంగా మార్చుకొన్నారు. దాని ఫలితంగా కొత్తగా జబ్బుతో పుట్టే బిడ్డలు దాదాపు లేకుండా పోయారు. పెళ్ళిళ్ళు ఆగిపోలేదు. ముందుగా తెలుసుకొనడమే మారినది.

సంభావ్యత అనేది మనకు తెలియనిదాని కొలత. మూడింట రెండు, ఇరవైనాలుగింట ఒకటి అన్న సంఖ్యలన్నీ పరీక్ష చేయించుకోనంత కాలమే. ఒక్క గుచ్చుతో తీసిన కొద్ది రక్తం ఆ ‘బహుశా’ను ‘అవును’ లేదా ‘కాదు’ అని మార్చివేస్తుంది. జాతకం చూపించడానికి వెళ్ళే దారిలోనే రక్తపరీక్ష కేంద్రం కూడా ఉంటుంది. రెండూ చూపించిన తరువాతనే లగ్నపత్రిక వ్రాయించడం నేటి గృహస్థునికి యుక్తం.